సముద్రానికీ ఒక వ్యవసాయ కాలేజీ: అమెరికా సీ గ్రాంట్ కథ, మన తీరానికి దాంతో పని

ఇవాళ మనం ఒక ఇనుప చట్రం గురించి మాట్లాడుకుందాం. అక్కడ మొదలుపెట్టి యూనివర్సిటీలకి ప్రభుత్వం డబ్బు ఎలా ఇవ్వాలి అనే దాకా వెళ్దాం. కాస్త ఓపిక పట్టండి, రెండింటికీ సంబంధం ఉంది.

ముందు ఒక ప్రశ్న. మన కాకినాడ దగ్గర చెరువులో పెంచిన రొయ్య అమెరికా సూపర్ మార్కెట్‌కి వెళ్తుంది. అదే కాకినాడ నుంచి బోటు మీద వెళ్లి సముద్రంలో పట్టిన రొయ్యని మాత్రం కొన్నేళ్ల కిందట అమెరికా కొనడం ఆపేసింది. ఎందుకు? రొయ్య బాలేక కాదు. పట్టిన వలలో ఒక చట్రం లేక. ఆ చట్రం పేరు టెడ్. పూర్తి పేరు టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్. అంటే తాబేలు వలలో చిక్కితే బయటకి పంపించేసే ఏర్పాటు అన్నమాట.

దీన్ని ఎవరో పెద్ద ల్యాబ్‌లో కనిపెట్టి ఉంటారు అనుకుంటాం కదా. కాదు. దీని మూల రూపాల్లో ఒకటి తయారుచేసింది అమెరికాలో జార్జియా రాష్ట్రం, డేరియన్ అనే చిన్న ఊళ్లో రొయ్యల వేటకి వెళ్లే సింకీ బూన్ అనే జాలరి. అది కూడా తాబేళ్ల కోసం కాదు. 1960ల చివర్లో ఆయన వల నిండా రొయ్యల బదులు జెల్లీ ఫిష్‌లు పడేవి. వల బరువెక్కిపోయేది, చిరిగిపోయేది, డీజిల్ దండగ. అందుకని వల మధ్యలో ఏటవాలుగా ఊచల చట్రం పెట్టాడు. రొయ్యలు ఊచల సందుల్లోంచి దూరి వల చివరున్న సంచిలోకి పోతాయి. పెద్దవి ఊచలకి తగిలి, జారి, పక్కనున్న కంత లోంచి బయటపడతాయి. అంతే.

మరి ఒక పల్లెటూరి జాలరి చేసుకున్న చట్రం అమెరికా ప్రభుత్వ ప్రమాణంగా ఎలా మారింది? అక్కడే ఇవాళ్టి అసలు కథ ఉంది. రేవు దగ్గర తిరిగే యూనివర్సిటీ మనిషి ఒకడు ఉన్నాడు. అతని జీతంలో ప్రభుత్వం వాటా ఉంది. ఆ ఏర్పాటు పేరే సీ గ్రాంట్.

సరే, ఇది ఎక్కడ పుట్టిందో చూద్దాం.

1862లో అమెరికాలో మోరిల్ చట్టం వచ్చింది. కేంద్రం రాష్ట్రాలకి భూములు ఇచ్చింది. అవి అమ్మి, ఆ డబ్బుతో వ్యవసాయం, ఇంజనీరింగ్ నేర్పే కాలేజీలు పెట్టమంది. వాటినే ల్యాండ్ గ్రాంట్ కాలేజీలు అంటారు. ఆ భూముల్లో చాలా భాగం అక్కడి ఆదివాసీల దగ్గర లాక్కున్నవే, ఆ మాట కూడా చెప్పుకోవాలి. తర్వాత 1887లో ప్రయోగ క్షేత్రాలకి డబ్బు, 1914లో విస్తరణ సేవలకి డబ్బు వచ్చాయి. విస్తరణ అంటే యూనివర్సిటీ మనిషి రైతు పొలానికే వెళ్లి చెప్పడం, అక్కడ విన్నది మళ్లీ యూనివర్సిటీకి తీసుకురావడం. చదువు, పరిశోధన, విస్తరణ. ఈ మూడు కాళ్ల మీదే అమెరికా వ్యవసాయం నిలబడింది.

వందేళ్ల తర్వాత, 1963లో ఒకాయన లేచి, నేలకి చేసిన పని నీటికి ఎందుకు చేయకూడదు అని అడిగాడు. ఆయన పేరు ఏథెల్‌స్టన్ స్పిల్‌హాస్. పుట్టింది దక్షిణాఫ్రికాలో. సముద్రంలో లోతు పెరిగేకొద్దీ ఉష్ణోగ్రత ఎలా మారుతుందో కొలిచే బేతీథెర్మోగ్రాఫ్ పరికరం ఆయన చేసిందే. పేపర్లలో ప్రతివారం సైన్స్ కామిక్ కూడా రాసేవాడు. ఇంకో తమాషా ఏంటంటే, అప్పటికి ఆయన పనిచేస్తున్నది మినెసోటా యూనివర్సిటీలో. ఆ రాష్ట్రానికి సముద్రమే లేదు, పెద్ద సరస్సు ఉంది. ఆయన అడిగింది చాలా సూటిగా ఉంటుంది. పొలాల్లో తిరిగే వ్యవసాయ ఏజెంట్లు ఉన్నట్టే, నడుముదాకా రబ్బరు బూట్లు వేసుకుని నీళ్లలో దిగే ఏజెంట్లు కావాలి అన్నాడు.

ఈ ఆలోచనని రోడ్ ఐలండ్ సెనేటర్ క్లెయిబోర్న్ పెల్, ఫ్లోరిడా ప్రతినిధి పాల్ రోజర్స్ చట్టసభల్లోకి తీసుకెళ్లారు. అమెరికాలో పేద విద్యార్థులకిచ్చే పెల్ గ్రాంట్ విన్నారా? ఆ పెల్ ఈయనే. 1966 అక్టోబర్ 15న ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం పెట్టాడు. 1970లో ఈ కార్యక్రమం నోవా అనే సముద్ర, వాతావరణ సంస్థ కిందకి వచ్చింది. 1971లో మొదటి నాలుగు సీ గ్రాంట్ కాలేజీలు ప్రకటించారు. ఆరెగన్ స్టేట్, రోడ్ ఐలండ్, టెక్సస్ ఏ అండ్ ఎం, వాషింగ్టన్ యూనివర్సిటీ. ఇప్పుడు సముద్ర తీరాల్లో, గ్రేట్ లేక్స్ చుట్టూ, ప్యూర్టో రికో, గువామ్ దీవుల్లో కలిపి 34 కార్యక్రమాలు నడుస్తున్నాయి.

ఇంతవరకు చరిత్ర. ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం చెప్తాను. ఈ డబ్బుకి పెట్టిన రూల్స్.

మొదటి రూల్. కేంద్రం రెండు డాలర్లు ఇస్తే, కనీసం ఇంకో డాలర్ బయట నుంచి రావాలి. రాష్ట్రం ఇవ్వొచ్చు, యూనివర్సిటీ ఇవ్వొచ్చు, స్థానిక సంస్థలు ఇవ్వొచ్చు. దీనివల్ల ఏమవుతుంది? స్థానికంగా ఎవరికీ అక్కర్లేని పరిశోధనకి ఆ మూడో డాలర్ పుట్టదు.

రెండో రూల్. ఈ డబ్బుతో భూమి కొనకూడదు, బిల్డింగ్ కట్టకూడదు, రేవు కట్టకూడదు, ఓడ కొనకూడదు. ఇది చట్టంలోనే రాసి ఉంది. ఒక్కసారి ఆలోచించండి. ప్రభుత్వ డబ్బు అనగానే మనకి మొదట గుర్తొచ్చేది శంకుస్థాపన రాయి. ఇక్కడ రాయికి చోటే లేదు. డబ్బంతా మనుషులకీ పనికీ వెళ్లాలి. పరిశోధన చేసే విద్యార్థికి, తీరంలో తిరిగే ఏజెంట్‌కి, బడిపిల్లలకి సముద్రం గురించి చెప్పే టీచర్‌కి.

మూడోది చట్టంలోని రూల్ కంటే పద్ధతి అనాలి. సీ గ్రాంట్ మనిషికి జరిమానా వేసే అధికారం లేదు, లైసెన్స్ రద్దు చేసే అధికారం లేదు. అతను ఇన్‌స్పెక్టర్ కాదు. అందుకే జాలరి అతనికి నిజం చెప్తాడు. వలలో నిజంగా ఏం పడుతోందో, ఏ రూల్ పనిచేయడం లేదో దాచకుండా చెప్తాడు. అధికారం లేకపోవడమే ఇక్కడ అతని బలం.

మొత్తం ఖర్చు ఎంత? ఈ మధ్య సంవత్సరాల్లో కేంద్రం ఇచ్చింది ఏడాదికి దాదాపు 8 కోట్ల డాలర్లు. మన రూపాయల్లో సుమారు 700 కోట్లు. అమెరికా బడ్జెట్‌లో ఇది సముద్రంలో చెంబెడు నీళ్లు.

ఆ చెంబెడు నీళ్లతో ఏం పండింది? ఒక ఉదాహరణ చెప్పి మళ్లీ టెడ్‌కి వచ్చేస్తా. అక్కడ ఆయిస్టర్లు ఎక్కువగా తింటారు. మనం ఆలిచిప్పలు అంటాం కదా, ఆ జాతి. వేసవిలో అవి గుడ్లు పెట్టే దశకి వచ్చి మాంసం పలచబడిపోతుంది, రుచి పోతుంది. అంటే వేసవిలో రైతుకి వ్యాపారం ఉండదు. సీ గ్రాంట్ సాయంతో యూనివర్సిటీ పరిశోధకులు మూడు సెట్ల క్రోమోజోములుండే ఆయిస్టర్ని పెంచే పద్ధతి తయారుచేశారు. విత్తనం లేని పుచ్చకాయ లాంటిదే ఇదీ. గుడ్లు పెట్టే పని మీద శక్తి పోదు కాబట్టి వేసవిలో కూడా కండ నిండుగా ఉంటుంది. ఇప్పుడు అమెరికా పడమటి తీరంలో పెంచేవాటిలో పెద్ద భాగం ఇవే.

ఇక టెడ్ కథ. ఇది ఇంత సాఫీగా జరగలేదు. అందుకే చెప్పాలి.

తాబేలు సముద్రంలో ఉన్నా ఊపిరి పీల్చుకోవడానికి పైకి రావాల్సిందే. ట్రాల్ వల గంటల తరబడి అడుగున లాగుతారు. అందులో చిక్కిన తాబేలు మునిగి చచ్చిపోతుంది. మెక్సికో గల్ఫ్‌లో కెంప్స్ రిడ్లీ అనే చిన్న తాబేలు ఉంది. మన ఆలివ్ రిడ్లీకి దగ్గరి చుట్టం. 1985లో దాని గూళ్లు లెక్కేస్తే 702. అంతే. జాతి అంతరించే అంచున ఉంది.

ప్రభుత్వ శాస్త్రవేత్తలు మొదట ఒక టెడ్ చేశారు. పెద్ద పంజరంలా, బరువుగా ఉండేది. డెక్ మీద దాన్ని అటూ ఇటూ కదపడమే కష్టం. జాలరులు ముఖం తిప్పేసుకున్నారు. అప్పుడు జార్జియా యూనివర్సిటీ సముద్ర విస్తరణ సిబ్బంది చేసిన పని ఏంటంటే, బూన్ చట్రాన్ని చూశారు. బోట్ల మీద వెళ్లి పరీక్షించారు. రొయ్య ఎంత పోతోంది, తాబేలు బయటపడుతోందా అని చూశారు. జార్జియా జంపర్ అనే పేరుతో అది ప్రభుత్వ ఆమోదం పొందింది. ఇప్పుడు రూల్ ప్రకారం ఊచల మధ్య సందు నాలుగు అంగుళాలకి మించకూడదు.

మరి జాలరులు సంతోషంగా ఒప్పుకున్నారా? లేదు. 1987లో టెడ్ తప్పనిసరి అనగానే గొడవ మొదలైంది. టెడ్ అంటే ట్రాలర్ ఎలిమినేషన్ డివైస్, మమ్మల్ని తుడిచిపెట్టే యంత్రం అని వెక్కిరించారు. 1989 జులైలో టెక్సస్ తీరంలో వందల బోట్లు అడ్డంగా నిలిపి ఓడల దారి మూసేశారు. లూసియానా రాష్ట్రమైతే తన అధికారులు ఈ రూల్‌ని అమలు చేయకూడదని ఏకంగా చట్టమే చేసింది. ఆ చట్టం 2015 దాకా ఉంది.

వాళ్ల కోపంలో న్యాయం లేదా? ఉంది. కంత లోంచి కొంత రొయ్య కూడా పోతుంది. డీజిల్ ధర పెరుగుతుంటే, దిగుమతి రొయ్య వచ్చి ధర పడిపోతుంటే, ఇంకో ఖర్చు నెత్తిన పెట్టారు. ఇలాంటి చోట శాస్త్రవేత్త పేపర్ రాస్తే సరిపోదు, అధికారి జరిమానా రాసినా సరిపోదు. ఎవరో ఒకరు బోటెక్కాలి. చట్రం కోణం సరిగ్గా పెడితే నష్టం ఎంత తగ్గుతుందో ఆ జాలరి వల మీదే చూపించాలి. ఆ పని ఏళ్ల తరబడి చేసినవాళ్లలో సీ గ్రాంట్ ఏజెంట్లు ఉన్నారు.

ఫలితం? మెక్సికో తీరంలో గూళ్లకి కాపలా, వలల్లో టెడ్ రెండూ కలిసి పనిచేశాయి. 1985లో 702 ఉన్న గూళ్లు పాతికేళ్లు తిరక్కముందే 20 వేలు దాటాయి. తర్వాత మళ్లీ హెచ్చుతగ్గులు వచ్చాయి, కథ ఇంకా అయిపోలేదు. కానీ జాతి మిగిలింది.

ఇప్పుడు ఇది మన ఇంటికి ఎలా వచ్చిందో చూడండి. 1989లో అమెరికా ఒక చట్టం చేసింది. మా జాలరులు టెడ్ పెట్టాలంటే, మాకు అమ్మేవాళ్లూ తాబేళ్లని కాపాడాలి అని. దీనిమీద ఇండియా, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకి వెళ్లాయి. 1998లో తీర్పు వచ్చింది. తాబేళ్లని కాపాడాలనే ఉద్దేశం సరైనదే, కానీ దేశాల మధ్య తేడా చూపిస్తూ అమలుచేసిన తీరు తప్పు అని. అమెరికా తీరు మార్చుకుంది, రూల్ మాత్రం ఉంచింది. అలా మన సముద్రపు రొయ్యకి ఆ తలుపు మూసుకుంది. ఇటు కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకి తగ్గట్టు సొంత టెడ్ తయారుచేసింది. అంటే మన దగ్గర శాస్త్రం లేక కాదు. డిజైన్ ఉంది. అయినా ప్రతి ఏడాది జనవరి నుంచి మార్చి దాకా మన ఆంధ్రా తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు చచ్చి ఒడ్డుకి కొట్టుకొస్తూనే ఉన్నాయి. డిజైన్‌కీ వలకీ మధ్య ఉన్న దూరం అది.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటి చెప్తా. ల్యాండ్ గ్రాంట్ పద్ధతి మన తెలుగు నేలకి ఎప్పుడో వచ్చింది. 1964లో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టారు. ఇప్పటి ఎన్.జి. రంగా యూనివర్సిటీ, తెలంగాణలో జయశంకర్ యూనివర్సిటీ రెండింటి మూలం అదే. దాన్ని తీర్చిదిద్దడంలో అమెరికా ల్యాండ్ గ్రాంట్ యూనివర్సిటీ అయిన కాన్సస్ స్టేట్ సాయం ఉంది. చదువు, పరిశోధన, విస్తరణ అనే మూడు కాళ్లు అలా వచ్చాయి. ఇవాళ దేశంలో 700కి పైగా కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. వాటిలో లోపాలు లేవని కాదు. కానీ వరి రైతుకి తెగులు వస్తే అడగడానికి ఒక గుమ్మం ఉంది.

మరి సముద్రానికి? సంస్థలు బోలెడున్నాయి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, సీఎంఎఫ్ఆర్ఐ కేంద్రం, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ కేంద్రం. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో మత్స్య కళాశాల. నరసాపురంలో కొత్తగా మత్స్య విశ్వవిద్యాలయం. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ ఉంది. ఉపగ్రహం నుంచి నీటి వేడి, నాచు రంగు చూసి చేపలు ఎక్కడ దొరకొచ్చో రోజూ చెప్తుంది. ఊళ్లలో గ్రామ మత్స్య సహాయకులు, సాగరమిత్రలు ఉన్నారు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన అంచనా 20,050 కోట్లు.

డబ్బుంది, మనుషులున్నారు, శాస్త్రం ఉంది. నా ఉద్దేశంలో లేనిది తిరుగు దారి. ల్యాబ్ నుంచి ఒడ్డుకి దారి ఎలాగో వేశాం. ఒడ్డు నుంచి ల్యాబ్‌కి ప్రశ్న వెళ్లే దారి లేదు. గ్రామ సహాయకుడి చేతిలో ఎక్కువగా ఉండేది పథకం దరఖాస్తు. జాలరి అడిగిన ప్రశ్నని అతను ఏ ప్రొఫెసర్‌కి ఇవ్వాలి? ఆ ప్రశ్నకి జవాబు వెతికే విద్యార్థికి స్టైపెండ్ ఎవరిస్తారు?

దీని ఖరీదు మనం కట్టాం. 1994, 95 ప్రాంతంలో తెల్లమచ్చల వైరస్ వచ్చి టైగర్ రొయ్యల చెరువులు తుడిచిపెట్టుకుపోయినప్పుడు, నెల్లూరు నుంచి గోదావరి దాకా రైతులు పొలాలు, నగలు పోగొట్టుకుని పాఠం నేర్చుకున్నారు. తర్వాత వనామి వచ్చింది, కొత్త జబ్బులూ వచ్చాయి. ఇవాళ్టికీ చాలా ఊళ్లలో రొయ్య తేలగానే చెరువు గట్టు మీదకి ముందు వచ్చేది మేత, మందులు అమ్మే మనిషి. అతను చెడ్డవాడని కాదు. కానీ ఈ మందు అక్కర్లేదు అని చెప్తే అతనికి కమీషన్ రాదు. ఆ మాట చెప్పగలిగేది, అమ్మకానికి ఏమీ లేని మనిషే. జరిమానా పుస్తకం కూడా లేని మనిషి.

అమెరికాలో అంతా బాగుందని మాత్రం అనుకోవద్దు. 2017లో ట్రంప్ ప్రభుత్వం సీ గ్రాంట్‌ని పూర్తిగా ఎత్తేద్దామని బడ్జెట్‌లో ప్రతిపాదించింది. రెండు పార్టీల సభ్యులూ కలిసి కాంగ్రెస్‌లో నిలబెట్టారు. 2025 ఫిబ్రవరిలో మెయిన్ రాష్ట్రం సీ గ్రాంట్‌కి ఉన్న సుమారు 45 లక్షల డాలర్ల నిధుల్ని ఉన్నట్టుండి రద్దు చేశారు. 34 కార్యక్రమాల్లో అదొక్కటే. ఆ రాష్ట్ర గవర్నర్‌కీ ప్రెసిడెంట్‌కీ మాటామాటా పెరిగిన వారానికే ఇది జరిగింది. మెయిన్ అంటే లాబ్‌స్టర్ వేట మీద బతికే రాష్ట్రం. గొడవ పెద్దదయ్యాక, మళ్లీ మాట్లాడుకుందాం అని కేంద్రం వెనక్కి తగ్గింది. పరిశోధన డబ్బు ఒక చేతి మీదే ఆధారపడితే ఎంత ప్రమాదమో అక్కడ తెలిసింది. అలాగే, ఒడ్డున ఉన్నవాళ్లకి ఆ కార్యక్రమం తమది అనిపిస్తే దాని కోసం వాళ్లే మాట్లాడతారని కూడా తెలిసింది.

ఇది వింటున్న మీలో చాలామంది డిగ్రీ, పీజీ చదువుతుంటారు. మత్స్య కోర్సు అంటే చేపల వాసన అని నవ్వేవాళ్లు ఉంటారు, పట్టించుకోకండి. రొయ్య ఎగుమతిలో దేశంలోనే ముందున్న రాష్ట్రం మనది. ప్రాజెక్ట్ టాపిక్ ఎంచుకునేటప్పుడు పాత థీసిస్ తిరగేసే ముందు ఒక్కసారి రేవుకి వెళ్లండి. పొద్దున్నే బోట్లు వచ్చే వేళకి వెళ్లండి. నాలుగు రోజులు ఊరికే వినండి. ఐదో రోజుకి మీ టాపిక్ మీకే దొరుకుతుంది. సింకీ బూన్ లాంటివాడు మన పూడిమడకలోనో, ఉప్పాడలోనో, నిజాంపట్నంలోనో ఇప్పటికే ఏదో చట్రం కట్టుకుని ఉండొచ్చు. అతని దగ్గరికి వెళ్లి చూసినవాడే ఇంకా లేడు.

మిగతావాళ్లకి ఒక చిన్న పని. ఈసారి సముద్రం మీద కొత్త పథకం అని వార్త వస్తే మూడు ప్రశ్నలు వేయండి. ఇందులో బిల్డింగ్‌కి ఎంత, మనిషికి ఎంత? ఈ పరిశోధన ప్రశ్న ఎవరు అడిగారు? జవాబు దొరికాక ఒడ్డుకి తిరిగి వచ్చి చెప్పేది ఎవరు? మూడో ప్రశ్నకి ఒక మనిషి పేరు, ఒక ఫోన్ నంబర్ వచ్చిందా, ఆ పథకం పనిచేస్తుంది. లేదా, ఇంకో శంకుస్థాపన రాయి లేచినట్టే.

మీది తీరప్రాంతం ఊరైతే, మీ వాళ్లకి ఏళ్లుగా జవాబు దొరకని ప్రశ్న ఒక్కటి కామెంట్‌లో రాయండి. చేపలు తగ్గడం కావచ్చు, ఒడ్డు కోసుకుపోవడం కావచ్చు, చెరువులో జబ్బు కావచ్చు. సొంత మాటల్లో, మీ నాన్నో, పెదనాన్నో, అమ్మో ఎలా చెప్తే అలాగే రాయండి. వాటన్నిటినీ ఒకచోట చేర్చి, జవాబు చెప్పగలిగిన మాస్టార్ల దగ్గరికి తీసుకెళ్దాం. వాళ్లు చెప్పింది ఇంకో ఎపిసోడ్‌లో మీ ముందు పెడతాం.